5.5 అడుగులంటే ఐదడుగుల ఐదంగుళాలు కాదు

మా మేనల్లుడికి కానిస్టేబుల్ ఉద్యోగం మీద పిచ్చి. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి చీపురుపల్లి బయట రోడ్డు మీద పరుగు మొదలుపెడతాడు. ఓ రోజు పరుగు అవగానే, చెమట తుడుచుకోకుండానే ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"సరిపోయాను మావయ్యా. కావల్సింది 167.6 సెంటీమీటర్లు, నాది 167.64."

స్నేహితులు గోడకి ఆనించి నిలబెట్టి, నెత్తి మీద స్కేలు అడ్డంగా పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి కొలిచారట. ఐదడుగుల ఐదంగుళాలు వచ్చింది. ఫోన్లో 5.5 అని కొట్టాడు, అడుగుకి 30.48 సెంటీమీటర్లు కాబట్టి దానితో గుణించాడు, 167.64 వచ్చింది. పాయింటు నాలుగు మిల్లీమీటర్ల తేడాతో గట్టెక్కానని వాడి ఆనందం.

గుణకారంలో తప్పు లేదు. 30.48 కూడా కరెక్టే. తప్పంతా ఆ చుక్కలో ఉంది. కాలిక్యులేటర్‌కి 5.5 అడుగులంటే ఐదున్నర అడుగులు. అడుగులో సగం ఆరంగుళాలు. అంటే వాడు కొట్టింది ఐదడుగుల ఆరంగుళాల మనిషి ఎత్తు. వాడి అసలు ఎత్తు లెక్క వేరు. ఐదడుగులకి అరవై అంగుళాలు, పైన ఐదు, మొత్తం అరవై ఐదు. 65ని 2.54తో గుణిస్తే 165.1. సరిగ్గా ఒక అంగుళం తక్కువ.

"ఏటి మావయ్యా, ఫోన్ తప్పు చెప్తదా?" అన్నాడు. చెప్పదు. అడిగిన దానికే చెప్తుంది.

నేను ఇళ్ళకి ప్లాన్లు గీస్తాను. ఇరవై ఏళ్ళుగా పొద్దున్న లేస్తే అడుగులు, అంగుళాలు, గజాలు, సెంట్లు, మిల్లీమీటర్లు అన్నీ కలగాపులగంగా నా టేబుల్ మీదే ఉంటాయి. ఈ చుక్క చేసిన నష్టం చాలాసార్లు చూశాను. నేను కూడా ఓసారి కిటికీ కొలత 4.6 అని రాసి పంపాను. నా ఉద్దేశం నాలుగడుగుల ఆరంగుళాలు. ఫ్రేము చేసిన కుర్రాడు చదువుకున్నవాడు, లెక్క ప్రకారం నాలుగడుగుల ఏడంగుళాల పైచిలుకు చేశాడు. అంగుళం పావు ఎక్కువైతే ఏం అనుకుంటాం గానీ, కట్టేసిన గోడ ఆ అంగుళం పావు ఎక్కడి నుంచి తెస్తుంది? చెక్కి, మళ్ళీ పూసి, ఓ రోజు కూలి నా జేబులోంచి పోయింది. అప్పటి నుంచి చుక్క మానేసి 4'-6" అని గుర్తులు పెట్టి రాస్తున్నాను.

చుక్క తర్వాత వచ్చే అంకె పదో వంతులు. అడుగులో ఉండేవి పన్నెండు అంగుళాలు. పదీ పన్నెండూ కలవవు, అదే చిక్కు. 0.1 అడుగంటే ఒక అంగుళం కాదు, 1.2 అంగుళాలు. చుక్క తర్వాతి భాగాన్ని పన్నెండుతో గుణిస్తేనే అంగుళాలు వస్తాయి. ఇంకా తమాషా ఏమిటంటే, ఐదడుగుల పదంగుళాల మనిషి తన ఎత్తు 5.10 అని రాస్తే కాలిక్యులేటర్ ఆ చివరి సున్నాని పట్టించుకోదు. 5.1 అంటుంది. అంత పొడుగు మనిషి ఒక్క దెబ్బకి ఐదడుగుల ఒక అంగుళానికి కుంగిపోతాడు. ఎక్సెల్ షీట్లో ఎత్తులు ఇలా రాసి వరుసలో పెట్టమంటే 5.11 వాడు 5.9 వాడికంటే పొట్టివాడైపోతాడు.

వెనక్కి వచ్చేటప్పుడూ ఇదే గొయ్యి. 170 సెంటీమీటర్లను 30.48తో భాగిస్తే 5.577 వస్తుంది. చాలామంది దాన్ని ఐదడుగుల ఐదున్నర అంగుళాలని చదువుతారు. ఆ 0.577ని పన్నెండుతో గుణించండి, 6.93 వస్తుంది. అంటే దాదాపు ఐదడుగుల ఏడంగుళాలు. నా పద్ధతి ఒకటే. అటు వెళ్ళినా ఇటు వచ్చినా ముందు అన్నీ అంగుళాల్లోకి దింపేస్తాను, అంగుళాల దగ్గరే వంతెన దాటుతాను. అడుగుల మీద నిలబడి దాటను.

ఆ వంతెన అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. ఇది సుమారు లెక్క కాదు. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా కలిసి గజానికి 0.9144 మీటరు అని ఒప్పుకున్నాయి. దాన్ని 36తో భాగిస్తే 25.4 మిల్లీమీటర్లు, తర్వాత అంకెలేం లేవు. అంతకుముందు ఇంగ్లండు అంగుళానికీ అమెరికా అంగుళానికీ వెంట్రుకవాసి తేడా ఉండేది. అమెరికా సర్వేవాళ్ళు తమ పాత అడుగును 2022 చివరి దాకా వదల్లేదు. మన దేశపు పాత సర్వే లెక్కల అడుగు కూడా నేటి అడుగు కంటే పిసరంత తక్కువే. ఇల్లు కట్టుకునేవాడికి దీనితో పని లేదు. దేశం మొత్తాన్ని కొలిచేవాడికి ఉంటుంది.

167.6 అన్న అంకె చూడండి. సెంటీమీటర్లలో ఆలోచించేవాడు 167 అనో 168 అనో పెడతాడు. ఈ .6 ఎక్కడిది? 66 అంగుళాలు ఎంతంటే 167.64. మగవాళ్ళకి ఛాతీ 86.3 సెంటీమీటర్లు ఉండాలంటారు. 34 అంగుళాలు ఎంతంటే 86.36. చివరి అంకె కోసేశారు. ఊపిరి పీల్చితే పెరగాల్సిన 5 సెంటీమీటర్లు రెండంగుళాలకి దగ్గర. రూలు మీటర్లలో రాశారు గానీ, దాని వెనక ఉన్న టేపు అంగుళాలది. మన దేశం 1956లోనే చట్టం చేసి మెట్రిక్ పద్ధతిలోకి వచ్చింది. అంకెలు మారాయి, వాటి వెనక మనిషి మనసులో ఉన్న ఐదడుగుల ఆరంగుళాలు మారలేదు. మావాడికి తగిలింది సరిగ్గా అదే. వాడి తప్పు చుక్క వాణ్ణి 66 దగ్గర నిలబెట్టింది, రూలు కూడా 66 దగ్గరే ఉంది.

ఈ అరవై ఆరుని మీరు రోజూ చూస్తూనే ఉంటారు. విజయనగరం స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబడి పట్టాలు చూడండి. బ్రాడ్‌గేజ్ వెడల్పు 1676 మిల్లీమీటర్లు. ఐదడుగుల ఆరంగుళాలు, అంటే 66 అంగుళాలు. పట్టాల మధ్య అడ్డంగా పడుకుంటే కానిస్టేబుల్ ఎత్తు సరిపోయిందో లేదో తేలిపోతుంది (దయచేసి ఎవరూ ప్రయత్నించకండి). శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్ళే లైను మాత్రం చాలా ఏళ్ళు బుల్లి రైలే. 1900లో మొదలైన ఆ లైను వెడల్పు రెండడుగుల ఆరంగుళాలు, 30 అంగుళాలు. మిల్లీమీటర్లలో సరిగ్గా 762. ఆ తర్వాత దాన్నీ బ్రాడ్‌గేజ్ చేశారు. 30 అంగుళాలు పోయి 66 వచ్చాయి.

ఇంకో అరవై ఆరు ఉంది, ఈసారి అడుగుల్లో. క్రికెట్ పిచ్. 22 గజాలు, అంటే 66 అడుగులు. ఎవరైనా ఈ 22 ఎక్కడిదని అడిగితే సాధారణంగా జవాబు రాదు. అది భూమి కొలిచే గొలుసు. 1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు రూపొందించిన సర్వే గొలుసు పొడవు 66 అడుగులు. 1744 నాటి క్రికెట్ నిబంధనల్లోనే పిచ్ 22 గజాలని ఉంది. విజయనగరం మహారాజకుమార్, మన విజ్జీ, 1936లో భారత జట్టు కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఆ జట్టు ఆడిందంతా ఒక గొలుసు పొడవు నేల మీదే. మీ ఊరి చెరువు గర్భంలో వేసవికి పిల్లలు అంగలు వేసి కొలుచుకునేదీ అదే గొలుసు.

మరి 66 ఎందుకు? వంద పెట్టొచ్చుగా? ఇక్కడే బ్రిటిష్ కొలతల అసలు ముడి ఉంది. నిజానికి అవి ఒక కుటుంబం కాదు, పెళ్ళితో కలిసిన రెండు కుటుంబాలు. అంగుళం, అడుగు, గజం ఒంటి కొలతలు. బొటనవేలు, పాదం, చాచిన చెయ్యి. ఫర్లాంగు పొలం కొలత. దాని పేరులోనే నాగటి చాలు పొడవు అన్న అర్థం ఉంది. ఎద్దులు ఆగకుండా లాగగలిగే ఒక చాలు. ఈ రెండూ వేర్వేరుగా పుట్టి పెరిగాయి. తర్వాత వాటిని ఒకే నిచ్చెనకి కట్టాల్సి వచ్చేసరికి మెట్లు ఎత్తుపల్లాలుగా వచ్చాయి. రోమన్ల మైలు వాళ్ళ అడుగుల్లో ఐదు వేలు. ఇంగ్లండులో మాత్రం పొలాలన్నీ ఫర్లాంగుల్లో ఉన్నాయి, వాటిని కదపలేరు. అందుకని 1593లో ఎలిజబెత్ రాణి కాలపు చట్టం మైలంటే ఎనిమిది ఫర్లాంగులని తేల్చింది. ఫర్లాంగు 660 అడుగులు, ఎనిమిదితో గుణిస్తే 5,280. ఈ వికారమైన అంకె పుట్టింది అలా. పొలం గెలిచింది, మైలు సర్దుకుంది.

ఇక నిచ్చెన ఎక్కడం కష్టం కాదు. పన్నెండు అంగుళాలు అడుగు, మూడడుగులు గజం, ఇరవై రెండు గజాలు గొలుసు, పది గొలుసులు ఫర్లాంగు, ఎనిమిది ఫర్లాంగులు మైలు. పన్నెండు, మూడు, ఇరవై రెండు, పది, ఎనిమిది. ఫోన్ నంబరులా గుర్తుపెట్టుకుంటే చాలు. కిందకి దిగితే గుణించడం, పైకి ఎక్కితే భాగించడం.

గంటర్ తెలివి గొలుసు పొడవులో లేదు, దాన్ని ముక్కలు చేసిన తీరులో ఉంది. 66 అడుగుల్ని వంద లింకులుగా విడగొట్టాడు. లింకు 7.92 అంగుళాలు. చూడ్డానికి పిచ్చి అంకె. కానీ ఒక గొలుసు వెడల్పు, ఒక ఫర్లాంగు పొడవు ఉన్న చెక్క ఒక ఎకరం. అంటే పది చదరపు గొలుసులు, లింకుల్లో లక్ష చదరపు లింకులు. ఎకరంలో నూరో వంతు మన సెంటు. కాబట్టి వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. పన్నెండు, మూడు, ఇరవై రెండు అన్న గొడవంతా మాయమై చక్కటి దశాంశాలు మిగులుతాయి.

మన సర్వే ఆఫీసుల్లో పాత ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) స్కెచ్ తీసి చూడండి. గట్ల పక్కన అంకెలుంటాయి, పక్కన ఏ కొలతో రాసి ఉండదు. ఒక దీర్ఘచతురస్రం చెక్కకి ఒక వైపు 250, ఇంకో వైపు 160 అని ఉందనుకుందాం. అవి లింకులు. గుణిస్తే 40,000, మూడు సున్నాలు తీసేస్తే 40 సెంట్లు. కాగితం, కలం అక్కర్లేదు. అనుమానం ఉంటే అడుగుల్లో సరిచూడండి. 250 లింకులు 165 అడుగులు, 160 లింకులు 105.6 అడుగులు. గుణిస్తే 17,424 చదరపు అడుగులు, సెంటుకి 435.6 చొప్పున భాగిస్తే మళ్ళీ 40.

అదే స్కెచ్ ఊళ్ళో ఇంకొకాయన చేతిలో పడితే 250 అడుగులు, 160 అడుగులు అనుకుంటాడు. అతని లెక్కలో పొలం 91 సెంట్లు దాటుతుంది. తమ్ముడు మీటర్లనుకుంటే దాదాపు పదెకరాలు. ముగ్గురి చేతిలో కాగితం ఒకటే, అంకె ఒకటే. గట్టు తగాదాలన్నీ ఇలాగే వస్తాయని నేననను, ఆశవల్ల వచ్చేవే ఎక్కువ. కానీ ఆశకి ఇలాంటి కాగితం దొరికితే ఇంక ఆగదు. పాత స్కెచ్ కనిపిస్తే నేను మొదట చేసే పని, అంకెని ఐదుతో భాగించి మీటర్లలో ఊహించుకోవడం. ఐదు లింకులు మీటరుకి కాస్త ఎక్కువ, అంతే. 250 లింకులంటే యాభై మీటర్ల గట్టు. పొలం దగ్గర నిలబడితే అది నిజమో కాదో కంటికే తెలుస్తుంది.

సెంటు పొడవు కాదు, విస్తీర్ణం. అందరికీ తెలిసిందే. గజంతోనే తంటా. చీరల కొట్టులో గజం పొడవు. స్థలాల బేరంలో గజమంటే చదరపు గజం, 'చదరపు' అన్న మాట ఎవరూ పలకరు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న ప్లాటు 1,800 చదరపు అడుగులు. గజానికి మూడడుగులే కదా అని మూడుతో భాగిస్తే ఆరొందల గజాలు వచ్చి కూర్చుంటాయి. చదరపు గజానికి మూడు మూళ్ళు తొమ్మిది చదరపు అడుగులు. అసలు లెక్క 200 గజాలు, సెంట్లలో నాలుగు దాటి పిసరంత. సెంటుకి 48.4 గజాలు గుర్తుంటే బ్రోకరు ముందు తలూపక్కర్లేదు. ఐదు సెంట్లంటే 242 గజాలు.

మా అమ్మ ఈ గొడవేదీ లేకుండానే బతికింది. రెండు జానలు మూర, రెండు మూరలు గజం, రెండు గజాలు బార. పూలు మూరల్లో, నూతి తాడు బారల్లో. అంగుళాల్లోకి తెస్తే సుమారుగా జాన తొమ్మిది, మూర పద్దెనిమిది, బార డెబ్భై రెండు. ఇంగ్లీషు నావికుల ఫాథమ్ కూడా ఆరడుగులే, మన బారంతే. రెండు చేతులు చాచిన మనిషి కళింగపట్నంలోనైనా లండన్‌లోనైనా అంతే ఉంటాడు కాబట్టి ఇందులో వింతేం లేదు. పూలమ్మే మనిషి మూర ఆమె చేతి మూర, అది వేరే సంగతి.

పైకి మెట్లు సరే, అంగుళం లోపలికి దిగితే పది ఉండదు, పన్నెండూ ఉండదు. సగం, పావు, అరపావు, వీసం. వడ్రంగులు, ఇనుప పనివాళ్ళు అంగుళంలో ఎనిమిదో వంతుని నూలు అంటారు. మూడు నూళ్ళ ఊచ అడిగితే కొట్టువాడు 10 మిల్లీమీటర్లది ఇస్తాడు. మూడు నూళ్ళంటే నిజానికి 9.5. నాలుగు నూళ్ళు 12.7, వచ్చేది 12. అంటే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. పాత పేరు, కొత్త సరుకు. ఎనిమిదీ నాలుగూ ప్లైవుడ్ షీటు కూడా లెక్క ప్రకారం 2438.4 మిల్లీమీటర్లు ఉండాలి, షీటు మీద 2440 అని ఉంటుంది. ఇక అర అంగుళం జీఐ పైపు సంగతి అడక్కండి. బయట కొలిస్తే 21 మిల్లీమీటర్ల పైన ఉంటుంది. అక్కడ అర అంగుళం అన్నది పేరే తప్ప కొలత కాదు, దాన్ని మార్చాలని చూస్తే పైపు కలవదు.

నూలంటే గుర్తొచ్చింది. పొందూరు ఖాదీ గురించి మాట్లాడేటప్పుడు వంద కౌంటు నూలని గొప్పగా చెప్పుకుంటాం. వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికే నూలు. ఆ కౌంటు కూడా ఒక పొడవు లెక్కే. మిల్లుల ఇంగ్లీషు పద్ధతిలో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని కలిస్తే ఒక పౌను (పౌండు) తూగుతాయో అది కౌంటు. వంద కౌంటంటే పౌనులో 84,000 గజాల దారం, దాదాపు 48 మైళ్ళు, 76 కిలోమీటర్ల పైన. అరకిలో కూడా లేని నూలు శ్రీకాకుళం నుంచి విజయనగరానికి నేరుగా పరిస్తే ఇంకా మిగులుతుంది. మెట్రిక్ కౌంటు అయితే వేరు. అక్కడ వందంటే కిలోకి వంద కిలోమీటర్లు, పౌనుకి 45 మాత్రమే. ఇంకా లావు దారం. అదే వంద. ఏ వందో అడగకపోతే రెండు దారాల సన్నదనం ఒకటే అనుకుంటాం.

మైళ్ళకి మాత్రం టెన్షన్ అక్కర్లేదు. ఐదు మైళ్ళు ఎనిమిది కిలోమీటర్లు, ఎనిమిది మైళ్ళు పదమూడు, పదమూడు మైళ్ళు ఇరవై ఒకటి. ముందు రెండూ కలిపితే తర్వాతది వస్తుంది. ఓ వంద మీటర్లు అటూ ఇటూ అవుతాయి, బస్సులో కూర్చున్నవాడికి అది చాలు. అసలు లెక్క మైలుకి 1609.344 మీటర్లు. మావాడు రోజూ తీసే 1600 మీటర్ల పరుగుని 'మైలు' అంటుంటాడు. మైలుకి అది తొమ్మిది మీటర్ల పైన తక్కువని చెప్పాను. ఆ రోజు వాడికి నేను చెప్పిన రెండో చెడ్డ వార్త అది.

వారం తర్వాత మళ్ళీ వచ్చాడు. ఈసారి సెంటీమీటర్ల టేపు కొని, తనే గోడకి అంటించుకున్నాడట. "165.9 వచ్చింది మావయ్యా, పెరుగుతున్నాను" అన్నాడు. మనిషి వెన్నెముక రాత్రంతా పడుకుంటే సాగుతుంది, సాయంత్రానికి మళ్ళీ అణుగుతుంది. పొద్దున్న లేవగానే కొలిస్తే అరసెంటీమీటరు, సెంటీమీటరు ఎక్కువే చూపిస్తుంది. ఎప్పుడు కొలిచావురా అని అడిగాను. వాడు టేపు చుట్టుకుంటూ, "టీ పెట్టావా అత్తా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.